‘కోర్టు ఫ్రీజ్ చేసింది, ప్రీమియం కట్టొద్దు’ అట!

ఈ వారంలో ఆ మెసేజ్ రావడం నాలుగోసారి. కాలనీ గ్రూపులో రెండుసార్లు, ఇంటర్ బ్యాచ్ గ్రూపులో ఒకసారి, చివరికి న్యూజెర్సీలో కొడుకున్న మా పెదనాన్న దగ్గర్నుంచి. సంగతేమిటంటే, అమెరికాలో ఒక బీమా కంపెనీ దివాలా తీసిందట, యజమానులను కాపాడటానికి కోర్టు ఆస్తులన్నీ ఫ్రీజ్ చేసిందట, పాలసీదారులకు పైసా రాదట. ఇక్కడా అంతేనట, కాబట్టి ప్రీమియం ఆపేయాలట.

యజమానులను కాపాడటానికా? అక్కడ బీమా కంపెనీలు మామూలు దివాలా చట్టం కిందికే రావు. రాష్ట్ర కోర్టు బీమా కమిషనర్‌ను రిసీవర్‌గా, అంటే కంపెనీని చేతిలోకి తీసుకుని చూసుకునేవాడిగా, పెడుతుంది. ఆ ఆర్డర్ ముందుగా కట్టేసేది పాత డైరెక్టర్ల చేతుల్నే. చీటీలావిడ మునిగిందని తెలియగానే, ముందు పరిగెత్తినవాడు ఫ్రిజ్ ఎత్తుకుపోవడం మన బస్తీల్లో చూడలేదా? అలా జరగకుండానే ఈ తాళం. కేసు గెలిచినవాడైనా విడిగా జప్తు చేసుకోవడానికి లేదు, వరుసలో నిలబడాల్సిందే. రిసీవర్ ఖర్చులు పోగా పాలసీదారులు, వాళ్ల వెనక మామూలు అప్పులవాళ్లు, వాటాదారులు చిట్టచివర.

పైసా రాదన్నదీ తప్పే. అక్కడ ప్రతి రాష్ట్రంలో గ్యారంటీ అసోసియేషన్ ఉంటుంది. కంపెనీ మునిగాక పాలసీ ఉన్న మనిషి పోతే చాలా రాష్ట్రాల్లో 3 లక్షల డాలర్ల దాకా అదే చూసుకుంటుంది.

మన బీమా నియంత్రణ సంస్థ ‘ఐఆర్‌డీఏఐ బొంబాయిలో నిద్రపోతోంది’ అట. అది ఉన్నది హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో. నిద్రపోయినా మన ఊళ్లోనే పోతుంది.

ఇక ప్రీమియం సంగతి. నా ఒళ్లు మండింది ఇక్కడే. నిన్న చిక్కడపల్లిలో మా పిన్ని ఇంటికి వెళితే, టేబుల్ మీద బాబాయి టర్మ్ పాలసీ నోటీసు, దాని మీద టీ గ్లాసు. గ్లాసు అడుగు మరక సరిగ్గా గడువు తేదీ మీద పడింది. “కట్టడం ఆపేశాం రా, కోర్టే ఆపమందిగా” అంది. ఏ కోర్టు పిన్నీ? ఎక్కడో న్యూజెర్సీ అవతల ఏదో కంపెనీకి తాళం పడితే చిక్కడపల్లిలో పాలసీ చంపుకోవాలా? బాబాయికి 58, షుగర్ ఉంది. టర్మ్ పాలసీకి సరెండర్ విలువ, అంటే మధ్యలో ఆపితే తిరిగొచ్చే డబ్బు, ఉండదు. ల్యాప్స్ అయితే కట్టిందంతా పోయినట్టే, కొత్తది ఈ రేటుకు ఎవడిస్తాడు? అసలు కంపెనీ నిజంగా మునిగినా కట్టడం ఆపకూడదు. రిసీవర్ చాలాసార్లు సరెండర్లూ లోన్లూ ఆపుతాడు కానీ, డెత్ క్లెయిములు చెల్లిస్తూనే ఉంటాడు. ఆ క్లెయిము కావాలంటే పాలసీ బతికి ఉండాలి కదా, మహానుభావులారా!

మెసేజ్‌లో ఒక్క మాట మాత్రం కాదనలేను: ‘ఏళ్లు పడుతుంది.’ నిజమే. మన దగ్గర సహారా లైఫ్ అనే బీమా కంపెనీని చూసుకోవడానికి 2017 జూన్‌లో అడ్మినిస్ట్రేటర్‌ను పెట్టారు. సుమారు 2 లక్షల పాలసీలను ఎస్‌బీఐ లైఫ్‌కు అప్పగించమని 2023 జూన్‌లో ఆర్డర్ వచ్చింది. ఆ నెలలోనే అప్పీలు ట్రిబ్యునల్ దానిమీద స్టే ఇచ్చింది. పైగా అమెరికాలో లాంటి గ్యారంటీ అసోసియేషన్ మనకు లేదు. ఎల్ఐసీకి చట్టంలోనే ప్రభుత్వ హామీ ఉంది, ప్రైవేటు కంపెనీలకు అదీ లేదు. దాని గురించి ఎవరైనా మెసేజ్ రాస్తే నేనే ఫార్వర్డ్ చేస్తాను.

గ్రేస్ గడువు ఇంకా పదకొండు రోజులుంది. బాబాయి నా ముందే ఫోన్‌లో కట్టేశాడు. మెసేజ్ మాత్రం డిలీట్ చేయలేదు. ఎందుకైనా మంచిదట.