‘పోయిండాడు’ అన్న మాటలోనే ఆ వ్యాకరణం ఉంది

కడప జిల్లాలో ఏ ఉన్నత పాఠశాలకైనా వెళ్ళి, తొమ్మిదో తరగతి పిల్లల్ని ‘రామ కిల్డ్ రావణ’ అన్న వాక్యాన్ని ప్యాసివ్ వాయిస్‌లోకి మార్చమంటే చాలామంది తడుముకోకుండా మార్చేస్తారు. వెనక ఉన్న పేరు ముందుకు రావాలి, ముందున్నది వెనక్కి పోవాలి, నడుమ ‘వాజ్’ పెట్టాలి, చివర ‘బై’ తగిలించాలి. ఎక్కం అప్పజెప్పినట్టే అప్పజెబుతారు. అదే పిల్లల్ని ఒంటిమిట్ట కోదండరాముడి కళ్యాణం గురించి నాలుగు వాక్యాలు రాయమంటే ‘కళ్యాణం ఈజ్ పర్ఫార్మింగ్ ఇన్ నైట్’ అని రాస్తారు. ఇరవై ఏళ్ళకు పైగా ఇంగ్లీషు పాఠం చెబుతున్న నాకు ఈ వాక్యం ఎన్నిసార్లు ఎదురైందో లెక్కలేదు. చాలాకాలం దాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి, సూత్రం మళ్ళీ ఒకసారి బోర్డు మీద రాసి, పని అయిపోయిందనుకున్నాను. తప్పు పిల్లల జ్ఞాపకశక్తిలో లేదనీ, సూత్రాన్ని నేను పరిచయం చేసిన చోటులోనే ఉందనీ అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

రాముడు రావణుణ్ణి చంపాడన్న ఒంటరి వాక్యాన్ని తిరగేసి చెప్పవలసిన అవసరం ఏ పిల్లవాడికీ లేదు. చంపింది ఎవరో తెలుసు, చచ్చింది ఎవరో తెలుసు, తిరగేసినందువల్ల కొత్తగా తెలిసేదేమీ లేదు. ఒంటిమిట్ట సంగతి అలా కాదు. భద్రాచలంలో కళ్యాణం పట్టపగలు జరుగుతుంది, ఒంటిమిట్టలో మాత్రం రాత్రి వెన్నెల్లో చేస్తారు. ఇక్కడ ‘చేస్తారు’ అన్న తెలుగు మాటను కాస్త ఆగి చూడాలి. ఎవరు చేస్తారు? అర్చకులా, దేవస్థానమా, ఊరివాళ్ళా? తెలుగు ఆ ప్రశ్నే వేయదు. చేసేవాళ్ళ పేరు చెప్పకుండానే బహువచన క్రియతో పని జరిపించుకుంటుంది. ఇంగ్లీషుకు ఆ వెసులుబాటు లేదు. వాక్యానికి కర్త స్థానంలో ఏదో ఒకటి కూర్చోవాలి. చేసేవాళ్ళు ముఖ్యం కానప్పుడు, జరిగే కళ్యాణాన్నే తెచ్చి ఆ పీట మీద కూర్చోబెట్టి ‘ద కళ్యాణం ఈజ్ పర్ఫార్మ్డ్ ఎట్ నైట్’ అంటుంది. ఈ మాట చెప్పిన రోజు, ‘అయితే బై ఎందుకు సార్, అక్కర్లేదు కదా’ అని ఒక అమ్మాయి అడిగింది. అక్కర్లేదు. కర్త పేరు చెప్పే పని లేదు గనుకనే ఇంగ్లీషు ఆ వాక్య రూపాన్ని పట్టుకుంది. సూత్రంలో ‘బై’ని తప్పనిసరిగా తగిలిస్తూ పోయినంత కాలం ఆ కారణం ఆ పిల్లలకు అందనే లేదు.

ఆర్టికల్స్ విషయంలో ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది. తెలుగులో ‘ఎ’కూ ‘ద’కూ నేరుగా సరిపోయే మాటలు లేవు. ఖాళీలు పూరించమని ఇచ్చే విడివిడి వాక్యాలతో వాటిని నేర్పడం దాదాపు అసాధ్యం, ఎందుకంటే ఆ రెండింటి తేడా ఒక వాక్యంలో పట్టేది కాదు. ఒంటిమిట్టలో ఒక పాత గుడి ఉంది, ఆ గుడిలో సీతారామలక్ష్మణులు ముగ్గురినీ ఒకే శిలలో చెక్కారు అని రెండు వాక్యాలు వరుసగా చదివినప్పుడే, మొదటిసారి ‘ఎన్ ఓల్డ్ టెంపుల్’ అన్నది రెండోసారి ‘ద టెంపుల్’ ఎందుకైందో పిల్లవాడి కంటికి ఆనుతుంది. మనం ‘ఒక’ అని మొదలుపెట్టి తర్వాత ‘ఆ’ అన్నామే, సుమారుగా అదే పని. అందుకే వ్యాకరణం నేర్పడానికి వాక్యం చాలదనీ, చిన్నదైనా సరే ఒక పేరా కావాలనీ, ఆ పేరా పిల్లలకు ముందే తెలిసిన బతుకు గురించినది కావాలనీ నా వాదన. సంగతి తెలిసి ఉంటే చదివేటప్పుడు దాన్ని ఊహించుకునే శ్రమ తప్పుతుంది. ఆ మిగిలిన శ్రద్ధ మాట రూపం మీదికి పోతుంది.

నాకు ఈ నమ్మకం గట్టిపడింది గుడి పాఠంతో కాదు, కువైట్ పాఠంతో. ఉమ్మడి కడప జిల్లాలో, ముఖ్యంగా రాజంపేట, రైల్వే కోడూరు వైపు పల్లెల్లో, గల్ఫ్‌కు మనిషిని పంపని వీధి అరుదు. డ్రైవర్ పనికి కువైట్ వెళ్ళిన ఒక తండ్రి గురించి నూట ఇరవై మాటల్లో ఒక చిన్న పేరా నేనే రాసి తరగతిలో చదివించాను. ఏ ఏడు వెళ్ళాడు, ఎన్నిసార్లు వచ్చి పోయాడు, ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, అంతే. తర్వాత ఎవరి ఇంటి సంగతి వాళ్ళను రాయమన్నాను. ఒక పిల్లవాడు ‘మై ఫాదర్ వెంట్ టు కువైట్’ అని రాసి నిలబడ్డాడు. పోయి తిరిగొచ్చినాడా అని అడిగాను. ‘లేదు సార్, పోయిండాడు. ఇంగా రాలే’ అన్నాడు.

నేను ఆ మాటను ఉన్నదున్నట్టు బోర్డు మీద రాశాను. ఒక పక్క ‘పోయినాడు’, ఇంకో పక్క ‘పోయిండాడు’. రెంటికీ తేడా ఏమిటని అడిగితే తరగతి మొత్తం ఒక్కసారిగా మాట్లాడింది. పోయినాడంటే పోయినాడు, అయిపోయింది. పోయిండాడంటే పోయి అక్కడే ఉండాడు. పోయి, ఉండాడు. మా సీమ మాటలో ఆ ‘ఉండు’ క్రియ చెక్కు చెదరకుండా బయటికే కనబడుతోంది. జరిగిన పని ఇప్పటిదాకా నిలిచి ఉందని అది చెబుతోంది. ‘హి వెంట్’కూ ‘హి హ్యాజ్ గాన్’కూ ఉన్న తేడా సరిగ్గా అదే. పత్రికల తెలుగులో ‘వెళ్ళాడు’ అన్న ఒక్క మాటే ఈ రెండు పనులూ చేస్తుంది గనుక, ఆ తెలుగులోంచి చూసే పిల్లలకు ప్రెజెంట్ పర్ఫెక్ట్ అర్థం లేని అలంకారంలా కనిపిస్తుంది. మా పిల్లల నోట్లో ఆ కాలం పుట్టుకతోనే ఉంది. వెనక బెంచీలో, ఇంట్లో ఉర్దూ మాట్లాడే ఒక అమ్మాయి లేచి, ‘మాకు కూడా ఉంది సార్, గయా వేరు, గయా హై వేరు’ అంది. కడప పట్టణంలో తెలుగు రెండో భాషగా, ఇంగ్లీషు మూడో భాషగా చదివే ఇలాంటి పిల్లలు ఎందరో ఉన్నారు. వాళ్ళ ఇంటి భాష కూడా ఈ పాఠానికి పనికొస్తుందని అంతకుముందు నాకు తోచలేదు. (ఇంగ్లీషులోనూ కదలికను చెప్పే క్రియలకు ఒకప్పుడు ‘హ్యాజ్’ బదులు ‘ఈజ్’ వాడేవారు. ‘హి ఈజ్ గాన్’ అన్న మాట ఇప్పటికీ మిగిలి ఉంది. అది తెలిస్తే మన ‘ఉండాడు’ మరీ పరాయిదిగా అనిపించదు.)

నా చిన్నప్పుడు ‘పోయిండాడు’ అన్నందుకు బడిలో నా అరచేతి మీద బెత్తం పడింది. అది మోటు మాట, ‘వెళ్ళాడు’ అనాలి అని దిద్దారు. ఆ దెబ్బతో నేను పోగొట్టుకున్నది యాస ఒక్కటే కాదు. ఒక భాషకూ ఇంకొక భాషకూ మధ్య నాకు సహజంగా ఉన్న వంతెనను కూడా పోగొట్టుకున్నాను. దాన్ని మళ్ళీ కట్టుకోవడానికి డిగ్రీ దాకా ఆగాల్సి వచ్చింది.

ఈ పోలిక అన్నిచోట్లా నిలవదని కూడా పిల్లలకు చెప్పాలి. ‘మా నాయన పదేండ్ల నుంచి కువైట్‌లో ఉంటాండాడు’ అని మనం వర్తమానంలోనే అంటాం. దాన్నే ఇంగ్లీషులోకి దించి ‘ఈజ్ లివింగ్ సిన్స్ టెన్ ఇయర్స్’ అని రాస్తారు. ఇంగ్లీషు అక్కడ కూడా పర్ఫెక్ట్‌నే అడుగుతుంది, పైగా ‘సిన్స్’ కాకుండా ‘ఫర్’ కావాలంటుంది. వంతెన ఎక్కడిదాకా మోస్తుందో, ఎక్కడ దిగి నడవాలో చూపించడం ఉపాధ్యాయుడి పని. ఆ పనికి రెండో పేరా కావాలి, బహుశా మూడోది కూడా.

అర్థం మీద మనసు పెట్టించి వ్యాకరణాన్ని దానంతట దాన్ని అబ్బనివ్వాలన్న ఆలోచన మనకు దూరపుది కాదు. 1979 నుంచి 1984 వరకు ఇంగ్లీషు బోధనా పరిశోధకుడు ఎన్.ఎస్. ప్రభు బెంగళూరు, మద్రాసు తదితర చోట్ల పాఠశాలల్లో చేసిన ప్రయోగం ప్రపంచమంతటా భాషా బోధకులకు తెలిసినదే. రైళ్ళ వేళల పట్టికలు, పటాలు ఇచ్చి, వాటిలోంచి సమాధానాలు వెతికించి, వ్యాకరణ సూత్రాన్ని తరగతిలో విడిగా బోధించకుండా ఇంగ్లీషు నేర్పే ప్రయత్నం అది. దాని మొదటి సగంతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. రెండో సగంతో ఏకీభవించలేను. ఇంట్లో గానీ వీధిలో గానీ ఇంగ్లీషు చెవిన పడని పల్లె పిల్లలకు, వారానికి కొన్ని గంటల చదువుతోనే వ్యాకరణం అబ్బుతుందని ఆశించడం వాళ్ళకు అన్యాయం. సూత్రం చెప్పాలి, పేరా చదివాక చెప్పాలి, తెలుగులోనే చెప్పాలి. రాష్ట్రంలో 2020-21 నుంచి ఎదురెదురు పుటల్లో తెలుగు, ఇంగ్లీషు ఉండే పాఠ్యపుస్తకాలు వచ్చాయి. అర్థం తెలుసుకోవడానికి అవి ఎంతో ఆసరా. అయితే ఈ పక్క ‘చేస్తారు’ ఉన్నచోట ఆ పక్క ‘ఈజ్ పర్ఫార్మ్డ్’ ఎందుకు వచ్చిందో పుస్తకం తనంతట తాను చెప్పదు. నోరు తెరిచి చెప్పవలసింది ఉపాధ్యాయుడే.

మా ఊరిలో ఈ దారిన నడిచిన మనిషి ఒకాయన ఉన్నాడు, ఎదురు దిక్కు నుంచి వచ్చినవాడు. 1798లో కలకత్తాలో పుట్టిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కంపెనీ కొలువు మీద కడపకు వచ్చాడు. తెలుగు నేర్చుకునే దారిలో ఆయన గట్టిగా పట్టుకున్నది పండితులు చిన్నచూపు చూసిన వేమన పద్యాలను. నాలుగేసి పాదాల చిన్న పద్యాలు, వాటిలో ఉప్పూ కప్పురమూ, కులమూ గుణమూ, అత్తా కోడలూ. అంటే ఈ నేల మీది సమాజమే. వాటిని ఇంగ్లీషులోకి తెచ్చి 1829లో అచ్చు వేయించాడు. ఆయన తెలుగు వ్యాకరణం అచ్చయింది 1840లో, నిఘంటువు 1852లో. ఈ వరుసను గమనించాలి. ముందు పద్యం, పదకొండేళ్ళ తర్వాత వ్యాకరణం. ఆయన బంగళా ఉన్న చోటనే ఇప్పుడు కడపలో ఆయన పేరిట గ్రంథాలయం ఉంది. ఏటా పిల్లల్ని అక్కడికి తీసుకుపోతాను. ఒక పరాయి మనిషి మన భాషను ఏ పద్ధతిలో పట్టుకున్నాడో, ఆయన భాషను ఆ పద్ధతిలోనే పట్టుకోవచ్చని చెప్పడానికి నాకు అంతకన్న మంచి చోటు లేదు.

తెలిసిన సంగతులే చదివిస్తూ పోతే పిల్లల లోకం ఊరి పొలిమేర దాటదు కదా అని కొందరు సహోపాధ్యాయులు అడుగుతారు. అది సరైన ప్రశ్న. నేను చెబుతున్నది మొదలెక్కడ అన్న సంగతే. రూపం చేతికొచ్చాక, అదే రూపంతో తెలియని దేశం గురించి చదవాలి, తప్పదు. పరీక్షకు సమయం చాలదన్న మాటను మాత్రం నేను అంతగా పట్టించుకోను. పదో తరగతి ప్రశ్నపత్రంలో చదివి అర్థం చేసుకునే భాగానికీ, రాయించే భాగానికీ కూడా మార్కులున్నాయి.

నాకు నిజంగా దిగులు కలిగించేది ఇంకొకటి. సంస్కృతి అనగానే పండగలూ గుళ్ళూ పిండివంటలతో సరిపెట్టేసే అలవాటు. ఉగాది రోజున దేవుని కడప గుడికి ముస్లింలు వచ్చి మొక్కుకుంటారన్న పేరా ఉండాలి, తప్పకుండా ఉండాలి. దానితో పాటు, పెద్దమనిషి కాగానే బడి మానిపించిన అమ్మాయి గురించీ, గనుల్లో కడప బండలు కోసే కూలీల ఊపిరి గురించీ కూడా పేరా ఉండాలి. వ్యాకరణం దృష్ట్యా చూసినా ఇది అవసరం. పండగ పేరాలో ఏటేటా జరిగేది మాత్రమే ఉంటుంది గనుక అది సింపుల్ ప్రెజెంట్ దాటి పోదు. ‘మానిపించకుండా ఉండాల్సింది’ అని రాయవలసి వచ్చినప్పుడే ‘షుడ్ హ్యావ్’ అవసరపడుతుంది. పంచాయితీలో ఎవరేమన్నారో రాస్తేనే, మన ‘అని’కీ ఇంగ్లీషు ‘దట్’కూ ఉన్న తేడా బయటపడుతుంది. మనం ‘వస్తానని చెప్పినాడు’ అని మాట్లాడినవాడి మాటను వాడి నోటితోనే ఉంచుతాం. ఇంగ్లీషు దాన్ని చెప్పేవాడి నోట్లోకి మార్చి ‘హి సెడ్ దట్ హి వుడ్ కమ్’ అంటుంది.

ఇంగ్లీషు వ్యాకరణంలో అన్నిటికన్నా కష్టమని పిల్లలు భయపడే అధ్యాయం ‘ఇఫ్’ వాక్యాలది. అందులోనూ మూడోది, జరగకుండా పోయినదాన్ని చెప్పేది. ‘ఇఫ్ ఐ హ్యాడ్ స్టడీడ్, ఐ వుడ్ హ్యావ్ పాస్డ్’ అన్న వాక్యాన్ని పట్టుకుని ఏళ్ళ తరబడి నేను నెగ్గలేదు. మొన్న వానాకాలంలో, చెనిక్కాయ (వేరుశనగ) విత్తడానికి తయారుచేసుకున్న చేను బీడుగా మిగిలిన ఒక రైతు ఇంటి గురించి ఎనిమిది వాక్యాల పేరా రాసి చదివించాను. చదివాక మీ ఇంట్లో ఈ ఏడు ఏమనుకున్నారని అడిగితే, మూడో వరుసలోని పిల్లవాడు కూర్చున్న చోటు నుంచే ‘వాన పడింటే ఇత్తిండేవాళ్ళం సార్’ అన్నాడు. ‘పడింటే’ కింద ‘హ్యాడ్ రెయిన్డ్’ అనీ, ‘ఇత్తిండేవాళ్ళం’ కింద ‘వుడ్ హ్యావ్ సోన్’ అనీ రాశాను. రెండు ‘ఉండు’ క్రియలు, వాటి కింద ఒక ‘హ్యాడ్’, ఒక ‘హ్యావ్’. ఆ వాక్యాన్ని ఎవరినీ బట్టీ పట్టమని చెప్పలేదు. మరుసటి రోజు నోటు పుస్తకాలు తెరిచి చూస్తే, కొందరు వానను తీసేసి బోరు పెట్టారు, ఒకరు బస్సు పెట్టారు, ఒక అమ్మాయి తన అక్కను పెట్టి ‘ఇఫ్ మై సిస్టర్ హ్యాడ్ స్టడీడ్, షి వుడ్ హ్యావ్ బికమ్ ఎ నర్స్’ అని రాసింది.