మా వైపు అంతా ఓకే

(మల్కాజిగిరిలో రెండో అంతస్తు. ఉదయం పదిన్నర. డైనింగ్ టేబుల్ మీద ఆఫీసు ల్యాప్‌టాప్, పక్కన చల్లారిన ఉప్మా. నాన్న టెలిఫోన్ శాఖలో లైన్లు బాగుచేసి రిటైరైన మనిషి. ఎవరూ పిలవకముందే కుర్చీ లాక్కున్నాడు.)

అమ్మాయి: ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే వీపీఎన్ కనెక్టయిందని పచ్చ టిక్కు పెడుతుంది. తీరా ఫైలు తెరిస్తే చక్రం తిరుగుతూనే ఉంటుంది.

నాన్న: రౌటర్ ఆపి పెట్టావా?

అమ్మాయి: ఆపా, పెట్టా. సీరియల్ మధ్యలో ఆపానని అమ్మ ఇంకా నాతో మాట్లాడట్లేదు.

నాన్న: మీ హెల్ప్‌డెస్క్ ఏమంది?

అమ్మాయి: "మా వైపు అంతా ఓకే, మీ ఇంటి నెట్ చూసుకోండి" అంది. నెట్ వాడు స్పీడ్ టెస్ట్ చేయించి, వంద ఎంబీపీఎస్ చూపించి, "మా వైపు అంతా ఓకే మేడమ్, మీ ఆఫీసునే అడగండి" అన్నాడు.

నాన్న: కరెక్టే.

అమ్మాయి: కరెక్టేంటి నాన్నా!

నాన్న: ముందు అలాగే అనాలి. ఫోన్ పనిచేయట్లేదని 198కి కంప్లయింట్ వస్తే మేమూ అదే అనేవాళ్లం.

అమ్మాయి: అందుకే జనం ల్యాండ్‌లైన్లు పీకించుకున్నారు.

నాన్న: పోనీ, ఆఫీసుకే వెళ్లు. మెట్టుగూడలో మెట్రో ఎక్కితే మారే పని లేకుండా రాయదుర్గంలో దిగుతావు.

అమ్మాయి: దిగాక ఆ ట్రాఫిక్‌లో ఆఫీసు దాకా ఎవరు పోతారు, నువ్వా?

నాన్న: అయితే నీ ఫోన్లో హాట్‌స్పాట్ పెట్టు.

అమ్మాయి: డేటా అయిపోతుంది.

నాన్న: నీ జీతమెంతో మీ అమ్మ అపార్ట్‌మెంటంతా చెప్పింది. పెట్టు.

అమ్మాయి: (పెట్టి) అరే, ఫైలు తెరుచుకుంది!

నాన్న: అంటే ల్యాప్‌టాప్ మంచిదే, మీ ఆఫీసూ మంచిదే. తేడా మనింటి లైన్లో ఉంది. ఇంటి వైఫైలో చాట్ పోతోందా?

అమ్మాయి: పోతోంది. మేనేజర్ "ఎనీ అప్‌డేట్?" అన్నది మాత్రం టంచనుగా వస్తోంది.

నాన్న: చిన్నవి పోతున్నాయి, పెద్దవి ఇరుక్కుంటున్నాయి. మళ్లీ వైఫైకి రా. వీపీఎన్ ఆపి, ఆ నల్ల కిటికీ తెరువు.

అమ్మాయి: కమాండ్ ప్రాంప్టా? అది నీకెలా తెలుసు?

నాన్న: చివర్లో నన్ను బ్రాడ్‌బ్యాండ్ సెక్షన్లో పడేశారు. కొట్టు. పింగ్, మైనస్ ఎఫ్, మైనస్ ఎల్, 1472, ఆ తర్వాత ఏదో ఒక సైటు పేరు. ముక్కలు చెయ్యకుండా 1472 బైట్ల పొట్లం పంపితే జవాబొస్తుందేమో చూద్దాం.

అమ్మాయి: టైమ్డ్ అవుట్ అంటోంది.

నాన్న: 1464 చెయ్.

అమ్మాయి: జవాబొచ్చింది! 1465... జవాబు లేదు. ఒక్క బైటుకే ఇంత గొడవా?

నాన్న: 1464కి హెడర్లు, అంటే పొట్లం మీది చిరునామా చీటీలు, 28 బైట్లు కలుపు.

అమ్మాయి: 1492.

నాన్న: అదీ! మామూలు నెట్ కేబుల్, ఈథర్నెట్, ఒక్కో పొట్లంలో 1500 బైట్లు మోస్తుంది. మన లైను పీపీపీఓఈ అనే పద్ధతిలో నెట్ కంపెనీకి లాగినవుతుంది, అది తన వాటాగా 8 బైట్లు తినేస్తుంది. కొత్త రౌటర్లో ఎంటీయూ, అంటే ఒక్క పొట్లం గరిష్ఠ సైజు, ఎంత పెట్టారో చూడు.

అమ్మాయి: పాస్‌వర్డ్?

నాన్న: క్యాలెండర్ మీద ఉంది. ఏకాదశి గళ్లో.

అమ్మాయి: భద్రత కోసం ఆఫీసు వాళ్లు వీపీఎన్ పెడితే, నువ్వు పాస్‌వర్డ్ గోడకి వేలాడదీశావా!

నాన్న: పంచాంగం చూసే దొంగ ఎవడే ఈ రోజుల్లో? ఎంతుందో చెప్పు.

అమ్మాయి: 1500.

నాన్న: బిగించే కుర్రాడు ఫోన్లో కబుర్లు చెబుతూ పెట్టాడు. నేను చూశా.

అమ్మాయి: చూసి ఊరుకున్నావా?

నాన్న: చెప్పబోతే "అంకుల్, మీరు కూర్చోండి" అన్నాడు. నువ్వూ వాడికే వంత పాడావు.

అమ్మాయి: (మాట మార్చి) మరి యూట్యూబ్‌లో నీ ప్రవచనాలు ఆగట్లేదే?

నాన్న: అది చిన్న పొట్లాలతో సర్దుకుపోతుంది. మీ పెద్దమ్మ ఆవకాయ జాడీకి గుడ్డ చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, టేపు వేసి డల్లాస్ పంపుతుంది చూడు, వీపీఎన్ పనీ అంతే. నీ ఫైలుకి తాళం వేసి పైన ఇంకో కవరు చుడుతుంది. అది లావెక్కుతుంది. రౌటరేమో పడుతుందనుకుని తోస్తుంది, లైన్లో పట్టదు. పట్టలేదన్న కబురైనా వెనక్కి రాదు. పంపినవాడు ఎదురుచూస్తూ కూర్చుంటాడు.

అమ్మాయి: అదే నా చక్రం! సరే, 1492 కొట్టి సేవ్ చేశా. రౌటర్ మళ్లీ ఆగి లేస్తోంది.

(లోపల టీవీ ఆగిపోయింది. గిన్నె ఒకటి గట్టిగా చప్పుడైంది.)

నాన్న: మీ అమ్మ అడిగితే నువ్వే ఆపావని చెప్తా.

అమ్మాయి: హమ్మయ్య, వీపీఎన్లో ఫైలు వచ్చింది! మెయిల్ కూడా వచ్చింది. హెల్ప్‌డెస్క్... "మీ సమస్యను విజయవంతంగా పరిష్కరించాం, టికెట్ మూసేస్తున్నాం. మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?"

నాన్న: మా శాఖలో అయితే వీడికి ఈపాటికి ప్రమోషన్ వచ్చేది.

అమ్మాయి: ఒక్క స్టారు పడేస్తా.

నాన్న: అయిదూ ఇవ్వవే. రేపు మళ్లీ వాడితోనే పని.