‘అధ్యయనంలో తేలింది’ గారికి ఒక ఉత్తరం

మహారాజశ్రీ ‘అధ్యయనంలో తేలింది’ గారికి నమస్కరించి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం, మా నాన్నగారి బీపీ తప్ప. ఆదివారం మధ్యాహ్నం అది 190/110. పప్పులో ఆవకాయ కలుపుకుని తొలి ముద్ద నోటిదాకా తెచ్చి, “కళ్లు తిరుగుతున్నాయిరా” అన్నారు. సాయంత్రం ఆరింటిదాకా ఆస్పత్రి బల్ల మీదే కూర్చున్నాం. మాత్ర వేసుకుంటున్నారా అని డాక్టరు గారు అడిగితే, నావైపు చూడకుండా చెప్పారు. “మానేసి తొమ్మిది రోజులైందండీ. టీవీలో చెప్పారు కదా, తేలిందని.”

తమరు ఎక్కడ తేలారో వెతికి చూశాను. సైరన్ మోత, ఊపిరితిత్తుల బొమ్మ మీద గిరగిరా తిరిగే బాణం, దాని కింద ‘బీపీ మాత్రతో 14 శాతం పెరిగిన క్యాన్సర్ ముప్పు!’ అని ఎర్రటి అక్షరాలు. ఎప్పటి అధ్యయనం, ఎవరి మీద జరిగింది, దేనితో పోల్చారు అన్నవి చెప్పే తీరిక తమరికి లేదు. పోనీ నేనే చెబుతాను. అది 2018 నాటిది. బ్రిటన్‌లో దాదాపు 10 లక్షల మంది రోగుల రికార్డులు తిరగేసి కెనడా పరిశోధకులు రాశారు. మా నాన్నగారు వేసుకునే రామిప్రిల్ జాతి మాత్రలు వాడినవారిని మరో జాతి బీపీ మాత్రలు వాడినవారితో పోల్చారు. మరో బీపీ మాత్రతో, అర్థమైందా? అసలు మాత్రే వేసుకోనివారితో కాదు. వెయ్యిమందిని ఏడాదిపాటు చూస్తే రామిప్రిల్ జాతివారిలో 1.6 ఊపిరితిత్తుల క్యాన్సర్ కేసులు, రెండో జాతివారిలో 1.2. ఇదీ తమరి సైరన్.

మా నాన్నగారు 31 ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పారు. “దేనిలో శాతంరా?” అని అడిగి, నీళ్లు నమిలినవాడి చేత గోడకుర్చీ వేయించిన మనిషి. అంతటివారు తమరి ఎర్ర అక్షరాల ముందు ఆ ఒక్క ప్రశ్న అడగడం మరిచిపోయారు. నాకు మింగుడుపడనిది ఇదే.

తమరి పాత ఘనకార్యాలు తెలియనివి కావు. 1998లో 12 మంది పిల్లల మీద రాసిన ఒక వ్యాసం పట్టుకుని టీకాతో ఆటిజం వస్తుందన్నారు. పత్రిక దాన్ని వెనక్కి తీసుకునేసరికి 2010 వచ్చింది. 2015లో ఒక అమెరికన్ విలేకరి 15 మందితో కావాలనే నాసిరకం పరీక్ష జరిపించి, చాక్లెట్ తింటే సన్నబడతారని వదిలితే, దేశదేశాల పత్రికలు కళ్లకద్దుకున్నాయి. 2020లో కోడిమాంసంతో కరోనా వస్తుందని పుట్టిన పుకారుకు తెలంగాణ మంత్రులు వేదికెక్కి చికెన్ ముక్కలు కొరికి చూపించాల్సి వచ్చింది. విత్తనాలు నీళ్లలో పోసే రైతును అడగండి. తేలేది తాలు. గట్టి గింజ అడుక్కు పోతుంది.

ఏమన్నా అంటే రాజ్యాంగంలో వాక్స్వాతంత్ర్యం ఇచ్చిన 19(1)(ఎ) చూపిస్తారు. నిక్షేపంగా మాట్లాడండి. ఆ అధికరణం నీడనే నేనూ ఈ ఉత్తరం రాస్తున్నాను. తమరిని నిషేధించమని అడగను. ఇవాళ తమరి నోరు మూయించిన అధికారి రేపు పరిశోధకుడి నోరూ మూయిస్తాడు. కానీ ఆ పరిశోధకులు వ్యాసంలో ఏమి రాశారు? ప్రభావం స్వల్పమే, అయితే మాత్ర వాడేవారు ఎక్కువ కనుక మొత్తం మీద చిన్న సంఖ్య కాకపోవచ్చు, వేరేచోట్ల కూడా పరీక్షించి చూడాలి అన్నారు. మందుతో పెరిగే ఆయుష్షునూ తూచి చూసుకోవాలని పక్కనే సంపాదకీయం కూడా అచ్చయింది. ఆ ‘అయితే’, ఆ ‘కాకపోవచ్చు’ టీవీలోకి ఎందుకు రాలేదు? ఏ సర్కారు కోసింది వాటిని? కత్తెర నీ చేతిలోనే ఉంది. వాళ్లు అనని మాట వాళ్ల పేరుతో అనేసి, అన్న మాట నొక్కేసి, వాక్స్వాతంత్ర్యం అంటావా? నీ నోరు నీది, కాదనను. వాళ్ల నోరు నీకెవరు రాసిచ్చారు? తొమ్మిది రోజులు! పక్షవాతం వచ్చి ఉంటే ఆయనను నువ్వు లేపి కూర్చోబెట్టేదానివా?

ఇంటికొచ్చాక ఆస్పత్రి బిల్లు వెనక ఈ అంకెలన్నీ వేసి చూపించాను. కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశారు. “1.2 నుంచి 1.6 అంటే 33 శాతం కదరా, 14 ఎక్కడిది?” అన్నారు. వయసు, పొగ తాగడం లాంటివి సరిచేశాక మిగిలిన తేడా అని చెప్పాను. “అలా చెప్పాలి మరి” అని మాత్ర వేసుకున్నారు.

ఇట్లు,
ఆదివారం పోగొట్టుకున్న కొడుకు

తా.క.: ఇది ముగిస్తుండగా వసారాలోంచి ఆయన గొంతు వినిపిస్తోంది. “ఆ టీవీవాడికి లెక్కలు రావండీ మాస్టారూ, ఊరికే చూస్తే అది 33 శాతం!” అని పక్కవీధి స్నేహితుడికి ఫోనులో వివరిస్తున్నారు. వయసు సంగతి, పొగ సంగతి చెప్పేలోగా అవతల ఫోను పెట్టేశారట. ఆయనదీ రామిప్రిలే.