ఆటోపైలట్‌లో సగం నేల మీద ఉంటుంది, ఆ సగం జయపురానికి ఇంకా రాలేదు

వానాకాలంలో ఒడిశాలోని కొరాపుట్ కొండల మీద మబ్బు దిగిందంటే జయపురం విమానానికి నమ్మకం లేదు. టికెట్ కొన్నవాళ్లలో కొందరు హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ కోసం స్టేషన్‌కి పరుగెడతారు. ఇంకొందరు పొట్టంగి మీదుగా సాలూరు ఘాట్ దిగి విశాఖ దారి పడతారు. అలాంటి రోజుల్లో జయపురం, రాయగడ, గుణుపురం తెలుగువాళ్ల నోట ఒకే ప్రశ్న వినిపిస్తుంది: ఢిల్లీలో ముందు మనిషి కనపడని పొగమంచులో విమానాలు వాటంతటవే దిగుతున్నాయి కదా, ఇక్కడ ఈపాటి మబ్బుకే ఎందుకు ఆగిపోతున్నాయి? మనకు పంపేవాటిలో ఆటోపైలట్ ఉండదా?

ఉంటుంది. ఈ దారిలో తిప్పే తొమ్మిది సీట్ల సెస్నా క్యారవాన్ చిన్నదే, కానీ ఈ తరం క్యారవాన్లలో కంప్యూటర్ తెరలూ ఉంటాయి, మంచి ఆటోపైలటూ ఉంటుంది. లోటు విమానంలో లేదు, నేల మీద ఉంది. దీన్ని పట్టుకోకుండా 'ఇంకా పెద్ద విమానం వేయండి' అని ఎన్ని వినతిపత్రాలిచ్చినా మబ్బు రోజున జరిగేది మారదు.

పెద్ద జెట్ విమానం కిందికి దిగే తీరు చూడండి. ముక్కు ఎంత ఎత్తులో ఉండాలి, రెక్క ఎటు వాలాలి అన్నది ఆటోపైలట్ పని. ఇంజన్లకు శక్తి పెంచి, తగ్గించి వేగాన్ని నిలపడం ఆటోథ్రాటిల్ పని. ఆ రెండింటికీ రన్‌వే జాడ చెప్పేది మాత్రం రన్‌వే అవతలి చివర నిలబెట్టిన యాంటెన్నాల వరుస. దాని పేరు లోకలైజర్. 108 నుంచి 112 మెగాహెర్ట్జ్ మధ్య అది పంపే తరంగంలో ఒక పక్క 90 హెర్ట్జ్ సంకేతం బలంగా ఉంటుంది, ఇంకో పక్క 150 హెర్ట్జ్ సంకేతం. రెండూ సమానంగా అందితే విమానం నడిగీత మీద ఉన్నట్టు లెక్క. రన్‌వే పక్కన ఉండే గ్లైడ్‌స్లోప్ కూడా ఇదే కిటుకుతో సుమారు 3 డిగ్రీల వాలు చూపిస్తుంది. ఈ జంటనే ఐఎల్ఎస్ అంటారు. నేల ఇంకా 50 అడుగులుందనగా ఎత్తు కొలిచే రేడియో ఆల్టిమీటర్ లెక్క అందుకుని ఆటోపైలట్ ముక్కు ఎత్తడం మొదలుపెడుతుంది, ఆటోథ్రాటిల్ ఇంజన్ల శక్తిని తగ్గిస్తుంది. చక్రాలు తాకాక కూడా విమానాన్ని నడిగీత మీద నిలిపేది ఆ లోకలైజరే. ఇదేమీ నిన్నమొన్నటి విద్య కాదు. 1965 జూన్ 10న లండన్ హీత్రోలో ట్రైడెంట్ విమానం ప్రయాణికులను ఎక్కించుకుని నేల తాకే ఘట్టాన్ని ఆటోమేటిక్‌గానే పూర్తిచేసింది.

నేల మీది సగం చెదిరితే ఏమవుతుందో 2011 నవంబరు 3న జర్మనీలోని మ్యూనిక్‌లో కళ్లకు కట్టింది. సింగపూర్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 777 ఒకటి ఆటోలాండింగ్ పెట్టుకుని దిగుతోంది. విమానంలో ఏ లోపమూ లేదు. అయితే ఆ సమయానికి విమానాశ్రయం కేటగిరీ-1 పద్ధతిలో, అంటే చివర్లో పైలట్ కంటితో రన్‌వే చూసుకునే మామూలు పద్ధతిలో నడుస్తోంది. దట్టమైన పొగమంచు రోజుల్లోలాగా లోకలైజర్ చుట్టూ ఇతర విమానాలు రాకుండా ఖాళీ ఉంచాలన్న కట్టుబాటు అప్పుడు అమల్లో లేదు. అదే రన్‌వే మీద నుంచి లేచిన ఒక చిన్న జెట్ ఆ యాంటెన్నాల మీదుగా ఎగిరింది. తరంగం వంకర పోయింది. 777 ఆటోపైలట్ ఆ వంకరనే నిజమని నమ్మి ఎడమకు తిరిగింది, రన్‌వే వదిలి గడ్డిలోకి దిగింది, మళ్లీ రన్‌వేను అడ్డంగా దాటుకుని కుడి పక్క గడ్డిలో ఆగింది. ఎవరికీ పెద్ద దెబ్బ తగల్లేదు. ప్రపంచంలోని గొప్ప యంత్రాల్లో ఒకటి, నేల నుంచి వచ్చిన మాట తప్పేసరికి దారి తప్పింది!

శాన్‌ఫ్రాన్సిస్కోలో మాత్రం ప్రాణాలు పోయాయి. 2013 జూలై 6న ఏషియానా ఎయిర్‌లైన్స్ 777 అక్కడికి వచ్చేసరికి రన్‌వే పనుల వల్ల గ్లైడ్‌స్లోప్ ఆపేసి ఉంది. ఆకాశం నిర్మలంగా ఉంది. అయినా వాలు చూపే ఆసరా లేక సిబ్బంది తడబడ్డారు. ఆటోథ్రాటిల్ వేగాన్ని కాపాడే స్థితిలో లేదు, కాపాడుతోందని వాళ్లు అనుకున్నారు. వేగం పడిపోయి తోక సముద్రపు కట్టను కొట్టుకుంది, ముగ్గురు చనిపోయారు. తప్పు పైలట్లదే, కాదనను. అయితే ఎన్నో ఏళ్ల అనుభవమున్న చేతులకు కూడా నేల నుంచి అందే ఆసరా ఎంత అలవాటైపోతుందో ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ నాకు కనిపించదు.

ఇప్పుడు జయపురం సంగతి. అక్కడ ఐఎల్ఎస్ లేదు, కంటితో చూసి దిగే పద్ధతే దిక్కు. ఆ పద్ధతికి మామూలు కొలత ఏమిటంటే చూపు 5 కిలోమీటర్లు ఆనాలి, మబ్బు 1,500 అడుగుల పైన ఉండాలి. చుట్టూ తూర్పు కనుమలు, అటు పొట్టంగి దగ్గర 1,672 మీటర్ల దేవమాలి. జూలై, ఆగస్టుల్లో ఇక్కడ ఈ కొలత ఎన్ని ఉదయాలు కుదురుతుందో జయపురం వాళ్లను అడిగితే చెబుతారు. కేటగిరీ-1 ఐఎల్ఎస్ ఉన్నచోట పైలట్ 200 అడుగుల దాకా దిగివచ్చి అప్పుడు రన్‌వే చూసుకోవచ్చు. ఒక చోట 200, ఇంకో చోట 1,500. మనవాళ్లు ఘాట్ రోడ్డెక్కేది ఈ తేడా వల్లే.

ఐఎల్ఎస్ పెట్టడం ఖరీదైన పని, తొమ్మిది మంది ఎక్కే విమానానికి అంత ఖర్చు దండగ, ఆ డబ్బు ఆసుపత్రికి పెట్టండి అనేవాళ్లున్నారు. ఆసుపత్రి కావాలన్న మాటతో నాకు పేచీ లేదు. ఖర్చు లెక్క మాత్రం పాతబడింది.

ఎందుకంటే మన దేశం దగ్గర గగన్ ఉంది. ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి కట్టిన వ్యవస్థ ఇది. జీపీఎస్ తప్పులను నేల కేంద్రాల్లో లెక్కగట్టి, సవరణలను జీశాట్ ఉపగ్రహాల ద్వారా విమానానికి అందిస్తుంది. దాంతో రన్‌వే దగ్గర ఒక్క యాంటెన్నా కూడా నాటకుండానే కేటగిరీ-1కు దగ్గరగా వచ్చే మార్గదర్శనం దొరుకుతుంది. 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని చిన్న విమానాశ్రయం కిషన్‌గఢ్‌లో ఇండిగో ఏటీఆర్ విమానం ఇలాగే దిగింది. 2021 జూలై 1 తర్వాత దేశంలో రిజిస్టరయ్యే విమానాలకు గగన్ పరికరం ఉండాలని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నియమం పెట్టింది. ఉపగ్రహం జయపురం మీదా వెలుగుతోంది, కిషన్‌గఢ్ మీదా వెలుగుతోంది. కిషన్‌గఢ్‌కు ఉండి జయపురానికి లేనిది ఏ కొండను ఎంత ఎత్తున దాటాలో, ఎక్కడ ఎంత దిగాలో కొలిచి, పరీక్షించి, అచ్చువేసిన పద్ధతి. కొండల వల్ల ఇక్కడ గగన్‌తో సాధ్యమయ్యే 250 అడుగుల దాకా దిగనివ్వకపోవచ్చు. ఐదారు వందల అడుగుల దగ్గర ఆగమన్నా సరే, 1,500 కంటే రెండున్నర, మూడింతలు మేలు.

కనపడే సగాన్ని ఇచ్చి కనపడని సగాన్ని ఎగ్గొట్టడం సరిహద్దు జిల్లాలకు కొత్త కాదు, నా కోపమంతా అక్కడే. రేషన్ డిపోకి వేలిముద్ర మిషన్ వస్తుంది, కొండ మీదికి సిగ్నల్ రాదు. బ్లాకు ఆసుపత్రికి ఎక్స్‌రే యంత్రం వస్తుంది, తీసే మనిషి రాడు. పర్లాకిమిడి, రాయగడ వైపు తెలుగు బడికి బోర్డు మిగులుతుంది, రిటైరైన తెలుగు మాస్టారి స్థానంలో ఇంకొకరు రారు. రిబ్బన్ కత్తిరించడానికి భవనం కావాలి, విమానం కావాలి. కొలిచి అచ్చువేసిన కాగితానికి ఎవరూ రిబ్బన్ కట్టరు. ఇదే కొరాపుట్ జిల్లా సునాబెడలో హెచ్ఏఎల్ కార్ఖానా సుఖోయ్-30 ఇంజన్లు తయారుచేస్తోంది. యుద్ధవిమానానికి గుండె కట్టి పంపే జిల్లాకు తొమ్మిది మందిని మబ్బులోంచి దించే పద్ధతి లేకపోవడాన్ని నేను సాంకేతిక సమస్య అనను, అడిగేవాళ్లు లేకపోవడం అంటాను.

అడగవలసినవి స్పష్టంగానే ఉన్నాయి. జయపురం చుట్టూ అడ్డంకుల సర్వే జరగాలి. దాని మీద ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ గగన్ పద్ధతి గీయాలి, డీజీసీఏ పరీక్షించి ఒప్పుకోవాలి. రన్‌వే పక్కన వదలాల్సిన జాగా, లైట్లు, వాతావరణ పరిశీలకుడి ఉద్యోగం రాష్ట్ర ప్రభుత్వం పూచీ పడాలి. బరంపురం దగ్గర రంగేయిలుండా విమానాశ్రయానికీ ఇదే వరస. వచ్చే ఎన్నికల్లో కొరాపుట్, బరంపురం ఎంపీ అభ్యర్థులు కొత్త విమాన సర్వీసు తెస్తామని మైకులో చెప్పినప్పుడు తెలుగు సంఘాలు అడగాల్సింది సర్వీసు గురించి కాదు, ఆ సర్వే ఫైలు ఎవరి బల్ల మీద ఉందో అడగాలి.