సవరణ: ‘డిసింటిగ్రేషన్ లూప్స్’ పుట్టింది సెప్టెంబరు 11కు ముందే

పోయిన వారం అమెరికన్ సంగీతకారుడు విలియం బసిన్‌స్కీ ఆల్బమ్ ‘డిసింటిగ్రేషన్ లూప్స్’ గురించి రాస్తూ, న్యూయార్క్ జంట భవనాలు కూలిన దుఃఖంలోంచి ఆయన దాన్ని కట్టారన్నాను. అది తప్పు. చిక్కడపల్లి మిత్రుడొకరు ఫోన్ చేసి మరీ చెప్పారు, ఆయనకు కృతజ్ఞతలు.

1980ల మొదట్లో చేసుకున్న టేపు చుట్టల్ని (కొసలు అతికించి, ఒకే స్వరం మళ్లీ మళ్లీ తిరిగేలా చేసిన ముక్కల్ని) బసిన్‌స్కీ 2001 వేసవిలో డిజిటల్‌లోకి ఎక్కిస్తున్నారు. తిరుగుతుండగానే టేపు మీద స్వరాన్ని పట్టి ఉంచే ఐరన్ ఆక్సైడ్ పూత రాలసాగింది. ఆయన రికార్డింగ్ ఆపలేదు. మా నాన్నగారి పాత క్యాసెట్లు విన్నాక స్పిరిట్ అద్దిన దూదితో హెడ్ తుడిస్తే గోధుమరంగు పొడి అంటుకునేది. అదే ఆ పూత. అది రాలిన చోటల్లా స్వరం పోతుంది. మొదటి భాగంలో గంటకు పైగా మనం వినేది ఆ పోవడాన్నే.

సెప్టెంబరు 11 సాయంత్రం బ్రూక్లిన్‌లో తన మేడ మీంచి పొగను వీడియో తీసి, దానికి ఈ సంగీతాన్ని జతచేశారు. మృతులకు అంకితమిచ్చారు. ఆ దృశ్యాలే ఆల్బమ్ అట్టల మీదికెక్కడంతో వినేవాళ్లకు రెండూ ఒకటైపోయాయి. నేనూ అలాగే విన్నాను.

పోయిన వారం ఈ సంగీతాన్ని తంబురాతో పోల్చాను, అదీ సరికాదు. తంబురా శ్రుతి కచేరీ అయ్యేదాకా నిలవాలి. ఇక్కడ చుట్టు చుట్టుకీ కొంత తరుగుతుంది. రెండు వాక్యాలూ మార్చాను.