సవరణ: పాత సర్టిఫికెట్‌ను రద్దు చేయమన్న సలహా గురించి

ఒకే మ్యాక్‌లో రెండు యాపిల్ డెవలపర్ ఖాతాలు వాడేటప్పుడు కోడ్ సైనింగ్ (యాప్‌ను ఎవరు తయారుచేశారో నిర్ధారించే డిజిటల్ సంతకం) లోపం వస్తే, ఆ సంతకానికి వాడే పాత సర్టిఫికెట్‌ను రద్దు చేసి కొత్తది తీసుకోవాలని ఇంతకుముందు రాశాను. ఆ సలహా తప్పు. గుంటూరు బ్రాడీపేటలోని మా కార్యాలయంలో నేనే దాన్ని పాటించగా, ఆ సర్టిఫికెట్‌పై ఆధారపడిన ప్రొవిజనింగ్ ప్రొఫైళ్లన్నీ (యాప్ ఏ టీమ్‌దో, ఎక్కడ నడవవచ్చో తెలిపే ఫైళ్లు) చెల్లకుండా పోయి, విజయవాడ నుంచి పనిచేసే సహోద్యోగి బిల్డ్ (కోడ్ నుంచి యాప్‌ను తయారుచేసే ప్రక్రియ) ఆగిపోయింది. యాప్ స్టోర్‌లో అప్పటికే ఉన్న మా యాప్‌కు మాత్రం ఏ ఇబ్బందీ కలగలేదు.

నిజానికి రెండు టీముల (అంటే రెండు డెవలపర్ ఖాతాల) సర్టిఫికెట్లు ఒకే కీచెయిన్‌లో (మ్యాక్‌లో సంకేతపదాలు, సర్టిఫికెట్లు భద్రపరిచే చోటులో) నిక్షేపంగా ఉండవచ్చు. యాప్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఎక్స్‌కోడ్‌లో ఎంచుకున్న టీమ్ ఒకటై, ప్రొఫైల్ మరో టీమ్‌కు చెందినదైనప్పుడు చిక్కు వస్తుంది. ప్రతి టీమ్‌కూ 10 అక్షరాల గుర్తింపు ఉంటుంది. డెవలప్‌మెంట్ సర్టిఫికెట్ పేరు చివర కుండలీకరణాల్లో కనిపించేది అదేనని నేను చాలాకాలం పొరబడ్డాను గానీ, అసలు టీమ్ గుర్తింపు సర్టిఫికెట్ వివరాల్లో ‘ఆర్గనైజేషనల్ యూనిట్’ అన్నచోట ఉంటుంది. సరిచూడవలసింది దానినే.

మరొక సవరణ కూడా అవసరం. డెవలపర్ ఖాతా నుంచి సర్టిఫికెట్‌ను దించుకుంటే రెండో మ్యాక్‌లో పని జరుగుతుందని రాశాను. అదీ తప్పే. అలా దించుకున్న సర్టిఫికెట్‌లో ప్రైవేట్ కీ (సంతకం చేయడానికి కావలసిన రహస్య కీ) ఉండదు. సర్టిఫికెట్ కోసం పంపే అభ్యర్థన ఫైలును తయారుచేసిన మ్యాక్ కీచెయిన్‌లోనే ఆ కీ ఉంటుంది కనుక, అక్కడి నుంచి సర్టిఫికెట్‌నూ కీనీ కలిపి పీ12 (.p12) ఫైలుగా, సంకేతపదం పెట్టి ఎగుమతి చేసి సహోద్యోగికి అందజేయాలి.