మామగారి షష్టిపూర్తికి ఓ ఆటవెలది

షష్టిపూర్తి పత్రిక చేతికి రాగానే కొత్త అల్లుడికి కవిత్వం పొంగుకొస్తుంది. కాస్త ఇంగితం ఉన్నవాడైతే కందం జోలికి పోకుండా ఆటవెలది పట్టుకుంటాడు. పాదాలన్నిటికీ రెండో అక్షరం ఒకటే కావాలనే ప్రాస బెడద ఇందులో లేదు. గణాలంటే లఘువులూ (పొట్టి అక్షరాలు) గురువులూ (బరువు అక్షరాలు) కూర్చిన గుంపులు. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాల్లో అయిదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరానికీ పాదం మొదటి అక్షరానికీ యతి, అంటే అక్షరాల పొత్తు, కుదిరితే చాలు. వేమనకైతే నాలుగో పాదం మకుటం రూపంలో ముందే సిద్ధంగా ఉండేది. అల్లుడికి ఆ వసతి లేదు.

సూర్యగణాలు రెండే: మూడు లఘువుల నగణం, గురువూ లఘువూ కలిసిన గలం. ‘పడవ’ నగణం, ‘పప్పు’ గలం. ‘పప్పు’లో బరువు మోసేది వత్తు తగిలిన అక్షరం కాదు, దానికి ముందున్న ‘ప’. ఒత్తు ఒకరికి, మోత ఇంకొకరికి. ఇది తలకెక్కేదాకా వేళ్లు మడుస్తూ, పెదవులు కదుపుతూ, ఆఫీసు బస్సులో పక్కవాడు జరిగి కూర్చునేలా తిరగాల్సిందే.

మొదటి విజయం మాత్రం అనుకోకుండా వస్తుంది. ‘మామగారు మీరు మంచివారు’ అని ఊరికే అనుకుంటాడు. లెక్కేస్తే అయిదు గలాలు, మా–మం యతి! రెండో పాదం తయారు. ఆ ఊపులో ‘అరువదేళ్లు నిండె హాయిగా నేటితో’ కూడా పడిపోతుంది. అకారానికి హకారంతో యతి చెల్లుతుంది కదా.

ఇక పేరు పెట్టాలి. మామగారి పేరు సుబ్రహ్మణ్యం.

అక్షరాలు నాలుగే కదా, నాలుగు లఘువుల ఇంద్రగణం ‘నలం’లో సర్దేద్దామనుకుంటాడు. కానీ అవి నాలుగూ గురువులే. ఆటవెలదిలో మూడు గురువులకు మించి వరసగా రావు: ఒక ఇంద్రగణం చివరి గురువు, పక్కన తగణంలో (గురువు, గురువు, లఘువు) రెండు, అంతే. పోనీ ‘సుబ్రహ్మణ్యము’ అని సాగదీస్తే మూడు గురువులకు దిగుతుంది గానీ, ఇంద్రగణాలు పక్కపక్కన ఉండేది బేసి పాదం చివరే కాబట్టి ‘ము’ కాస్తా కింది పాదంలోకి జారి, అక్కడ తనకు యతి అడుగుతుంది.

అయితే కందమే రాద్దామా? అక్కడ రెండేసి గురువుల గణాలుగా గగ, గగ అని పేరు పీట వేసుకుని కూర్చుంటుంది. కానీ పాదం మొదట కూర్చోబెట్టాడా, ప్రాసస్థానంలో ‘బ్ర’ పడుతుంది. మిగతా మూడు పాదాలకూ రెండో అక్షరం ‘బ్ర’ కావాలి. నిఘంటువు అట్టలు ఊడతాయి. స్నేహితుడి మామగారు వెంకటేశ్వర్లయితే అతగాడికి తిప్పలు తిరగబడతాయి: ఆటవెలదిలో గలం, తగణంగా హాయిగా ఇమిడే ఆ పేరు కందంలో అంత తేలిగ్గా పట్టదు. పిల్లకు సంబంధం చూసేటప్పుడు ఇవన్నీ ఎవరు చూస్తారు?

‘సుమ్మి’, ‘గాదె’, ‘భళిర’ లాంటి వ్యర్థపదాలు ఖాళీలు పూడ్చడానికి పనికొస్తాయి గానీ పేరు బదులు పెట్టలేం. చివరికి పర్యాయపదం దొరుకుతుంది. కుమారస్వామికి ‘గుహుడు’ అన్న పేరుంది. నగణం! పద్యం పూర్తవుతుంది:

అరువదేళ్లు నిండె హాయిగా నేటితో
మామగారు మీరు మంచివారు
గుహుని పేరు గల్గు గుణవంతులౌ మామ
నూరు నిండవలయు నోము పండ

ఛందస్సు పరంగా వంక పెట్టడానికి లేదు. పందిట్లో మైకు పట్టుకుని రాగం తీసి మరీ చదువుతాడు. చప్పట్లు రావు. ముందు వరసలో పెద్దత్తగారు పక్కావిడ చెవిలో, “గుహుడంటే రాముణ్ని గంగ దాటించినవాడు కాదుటే?” అంటుంది. మామగారు ఉంగరం సర్దుకుంటూ ఇంకోవైపు చూస్తారు.

భోజనాల దగ్గర బావమరిది విస్తరి ముందు కూర్చుంటూ, “నాన్నగారు పడవ ఎప్పుడు కొన్నారు బావగారూ?” అని అడుగుతాడు.